గుట్టు తాకట్టు పెట్టి కొనే రక్షణ

మన జనానికి గుట్టంటే లెక్కలేదనే మాట ఈమధ్య పెద్దమనుషుల సభల్లో తరచుగా వినిపిస్తున్నది. అడిగినవాడికల్లా ఆధార్ నంబరు చెబుతారట. ఎవడు చాపమంటే వాడి యంత్రంమీద వేలు పెడతారట. బీమా కాగితం చదవకుండానే సంతకం చేసి, తరువాత మోసపోయామని ఏడుస్తారట. రోగం అజ్ఞానం గనుక మందు అవగాహన. అవగాహన అంటే ఒక సదస్సు, ఒక కరపత్రం, ఫోనులో వినిపించే ఒక హెచ్చరిక.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే మరొక మాట మన శిబిరంలోనే ఉన్నది. గోప్యత ఆస్తిపరుడి విలాసమనీ, గోడలున్నవాడికే గుట్టు కావాలనీ, గుడిసెలో ఉన్నవాడికి కావలసినది కూడు గాని గోప్యత కాదనీ మన మిత్రులు కొందరు అంటారు. మొదటి మాట రక్షణను సరుకుగా అమ్మేవాడికి అనుకూలమైనది. రెండవది, అనేవారికి ఇష్టం ఉన్నా లేకపోయినా, ఆ అమ్మేవాడికే అనుకూలమైనది. ఈ రెండూ తప్పని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు వాస్తవం చూద్దాం. మన ప్రజలకు గుట్టు తెలియదా? ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత ఎవరిది? రావణుడి లంక సంగతి ఎట్లా ఉన్నా, కృష్ణ లంకల్లో బతికేవారికి ఆ సామెత అర్థం బాగా తెలుసు. ఇల్లాలు చీటీ పాడిన డబ్బు సంగతి మగనికి తెలియకుండా పోపులడబ్బాలో దాస్తుంది. కూతురి సంబంధం ఖాయమయ్యేదాకా ఇంట్లో క్షయ ఉన్నదన్న మాట గడప దాటనివ్వరు. ఊళ్లో అప్పు పుట్టాలంటే పొరుగూళ్లో ఉన్న అప్పు బయటపడకూడదని చిన్నరైతు జాగ్రత్త పడతాడు. ఇదంతా గోప్యత కాక మరేమిటి? ఆ పేరు వారు వాడకపోవచ్చు. పేరు తెలియనంతమాత్రాన వస్తువు లేకుండాపోదు.

అయితే వేలు చాపమంటే ఎందుకు చాపుతారు? దీనికి జవాబు గుడివాడ ప్రాంతంలోని ఏ కౌలురైతును అడిగినా దొరుకుతుంది. డెల్టాలో సాగులో పెద్దభాగం కౌలుదార్ల చేతిమీదుగా జరుగుతున్నది. ఆ కౌళ్లలో అధికభాగం నోటిమాటమీద నడుస్తున్నవే. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందాన్ని గుర్తించింది. గుర్తించింది గాని ఆ పత్రంమీద భూయజమాని సంతకం ఉండాలన్నది. యజమానికి భయం: సంతకం చేస్తే రేపు భూమిమీద హక్కు అడుగుతాడేమోనని. కౌలుదారుకు భయం: సంతకం అడిగితే వచ్చే ఏడు చేను మరొకడికి పోతుందేమోనని. పత్రం లేనిదే పంట నమోదులో తన పేరు ఎక్కడం కష్టం. పేరు ఎక్కనిదే పంట మునిగినప్పుడు పరిహారం రాదు.

ఇక్కడ కౌలుదారు చేసే లెక్క చూడండి. బీమా కావాలంటే తాను కౌలుదారునని బయటపడాలి. బయటపడితే తుపానుకంటే ముందే చేను పోవచ్చు. కాబట్టి తుపాను ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని, కౌలు గుట్టును కాపాడుకుంటాడు. ఇది అజ్ఞానమా? ఏ ప్రమాదం దూరాన ఉన్నదో, ఏది గుమ్మంలో నిలబడి ఉన్నదో వాడికి స్పష్టంగా తెలుసు. కార్తీకంలో తుపాను వస్తే రావచ్చు, రాకపోవచ్చు. ఆసామి మాత్రం ప్రతి ఏడూ వస్తాడు.

నేను చెప్పదలచిన విషయమంతా ఈ ఉదాహరణలో ఉన్నది. ప్రమాదాన్ని గురించి ప్రజల భావన తెలివితేటలకు కొలమానం కాదు. తనమీద ఎవరికి ఎంత అధికారం ఉన్నదో మనిషి వేసుకున్న లెక్క అది. ఎవడో కనిపించని దొంగ తన నంబరు కాజేస్తాడన్న భయం ఆ లెక్కలో అడుగున ఉంటుంది. ఆసామి, వడ్డీవ్యాపారి, ఆస్పత్రి కౌంటరులో కూర్చున్న గుమాస్తా - వీరి భయం పైన ఉంటుంది. నగరంలో జీతగాడికి ఈ వరస తలకిందులుగా ఉంటుంది. వాడి వరస జ్ఞానమనీ, కౌలుదారు వరస అజ్ఞానమనీ తీర్పు చెప్పే హక్కు మనకెవరిచ్చారు?

*

ఇక బీమా అనే సరుకును విప్పి చూద్దాం. దాని పుట్టుకలో ఒక సమష్టి సూత్రం ఉన్నది. వందమంది తలా కొంత వేస్తారు; ఎవడి పడవ మునుగుతుందో ఎవరికీ తెలియదు; మునిగినవాడికి ఆ మొత్తంనుంచి సాయం అందుతుంది. తెలియకపోవడమే ఇక్కడ ఐక్యతకు పునాది. ఎవడి పడవ మునుగుతుందో ముందే తెలిస్తే మిగతా తొంభైతొమ్మిదిమంది వాణ్ణి పక్కకు తోస్తారు.

లాభం కోసం నడిచే కంపెనీ చేసే పని సరిగ్గా ఇదే. ఎవడి పడవకు చిల్లు ఉన్నదో ముందే కనిపెట్టాలి. నీ తండ్రి ఏ జబ్బుతో పోయాడు? నీకు చక్కెర ఉన్నదా? పొగ తాగుతావా? ఏ పని చేస్తావు? ఇప్పుడిప్పుడు రోజుకు ఎన్ని అడుగులు నడిచావో ఫోనులో లెక్కపెట్టి ప్రీమియం తగ్గిస్తామనే పాలసీలు కూడా వచ్చాయి. తగ్గింపు అనగానే సంతోషిస్తాం. ఒకడికి తగ్గించడమంటే రెండవవాడికి పెంచడమని ఆలోచించం. రోజంతా చేపల చెరువు గట్టుమీద మేతమూటలు మోసే కూలివాడి అడుగులు ఏ ఫోనూ లెక్కపెట్టదు. కంపెనీ మనల్ని గురించి తెలుసుకునే కొద్దీ మనల్ని విడదీస్తుంది. కాబట్టి గుట్టు పోవడం ఒక మనిషి సిగ్గుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. వందమంది కలిసి నిలబడే పునాది పోవడం. గోప్యత బూర్జువా విలాసమనే మిత్రులు ఈ సంగతి గమనించాలని కోరుతున్నాను.

ఈ ప్రశ్నలకు జవాబులు నింపేది ఎవరు? పాలసీ తీసుకునేవాడు కాదు. ఏజెంటు అయ్యగారు. ఆయన బంధువో, బడిపంతులో, ఎదురింటివాడో అయి ఉంటాడు. మొహమాటంతో పాలసీ, మొహమాటంతో సంతకం. జబ్బుల పట్టికలో వరసగా “లేదు, లేదు, లేదు” అని ఆయనే రాసుకుపోతాడు. ఉన్నదని రాస్తే పాలసీ రాదు, కమిషనూ రాదు. మనిషి పోయిన తరువాత కంపెనీ ఆ కాగితమే బయటికి తీసి, నిజం దాచావు గనుక డబ్బు లేదంటుంది. పాలసీ మొదలై మూడేళ్లు గడిస్తే ఇట్లాంటి సాకు పనికిరాదని బీమా చట్టం 45వ సెక్షను చెబుతున్నది. 2015 సవరణకు ముందు ఆ గడువు రెండేళ్లే. సవరణ కంపెనీకి మరొక ఏడాది దయచేసింది. ఈ సెక్షను సంగతి ఏ ఏజెంటు ఎవరికి చెప్పాడు? చూడండి ఈ వింత: చెబితే రక్షణ ఇవ్వరు, చెప్పకపోతే డబ్బు ఇవ్వరు. గుట్టు విప్పినా ప్రమాదమే, దాచినా ప్రమాదమే. ఈ రెంటిమధ్య నిలబడ్డవాణ్ణి చూసి అవగాహన లేదంటున్నాం!

*

బీమా వ్యాపారం మన బందరుకు కొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకునూ, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీనీ, 1935లో హిందూస్థాన్ ఐడియల్ కంపెనీనీ స్థాపించినది ఈ ఊళ్లోనే. తెల్లదొరల కంపెనీలకు పోయే సొమ్ము దేశంలో నిలవాలన్న జాతీయ పెట్టుబడి ఆకాంక్ష వాటిలో ఉన్నది. దాన్ని మనం తక్కువచేయనక్కరలేదు. 1956లో 245 జీవితబీమా కంపెనీలనూ సంఘాలనూ కలిపి జీవితబీమా సంస్థను ఏర్పాటు చేశారు. పాలసీదార్ల సొమ్మును యజమానులు తమ సొంత వ్యాపారాలకు వాడుకున్న నేపథ్యంలో జరిగిన జాతీయకరణ అది. అభ్యుదయ శక్తులు దాన్ని సమర్థించాయి. అది సరైన పనే.

కాని జాతీయం కాగానే కథ సుఖాంతం కాలేదు. సంవత్సరం తిరిగేలోగా ఆ సంస్థ సొమ్ము ముంధ్రా కంపెనీల వాటాల్లోకి పోయింది. ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో నిలదీయగా, చాగ్లా కమిషను విచారణ జరిగి, 1958లో ఆర్థికమంత్రి కృష్ణమాచారి రాజీనామా చేయవలసివచ్చింది. గుట్టు విషయంలోనూ అంతే. ఉద్యోగంలో చేరే స్త్రీలను నెలసరి వివరాలూ గర్భం వివరాలూ రాసి ఇమ్మన్నది ఈ ప్రభుత్వ సంస్థే. ఆ కాగితంలో తప్పు రాసిందని ఒక ఉద్యోగినిని తొలగించింది. 1991లో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నలు స్త్రీని అవమానించేవని చెప్పి, ఆమెను తిరిగి తీసుకోమనీ, ఆ గళ్లు తీసేయమనీ ఆదేశించింది. ఒక తరహా పాలసీని ప్రభుత్వ, సంఘటిత రంగాల జీతగాళ్లకే పరిమితం చేయడం చెల్లదని 1995లో అదే న్యాయస్థానం ఈ సంస్థకే చెప్పవలసివచ్చింది. ప్రభుత్వరంగాన్ని సమర్థించేవారమే ఈ లోపాలను ముందు ఎత్తిచూపి ఉండవలసింది. మనం జీతాల గురించీ బోనసు గురించీ సమ్మె చేశాము. దరఖాస్తులో ఏ ప్రశ్న ఉన్నదో చూడలేదు.

మన మౌనాన్ని అవతలివాడు వాడుకున్నాడు. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. విదేశీ పెట్టుబడి వాటా ముందు 26 శాతం, 2015లో 49, 2021లో 74, 2025 డిసెంబరులో పార్లమెంటు నూటికి నూరుపాళ్లకూ తలుపు తెరిచింది. 2022 మేలో జీవితబీమా సంస్థ వాటాల్లో 3.5 శాతాన్ని ప్రభుత్వం బజారులో అమ్మింది. పోటీ పెరిగితే ఖాతాదారుకు మేలు జరుగుతుందన్నారు. పోటీ దేనికోసం జరుగుతున్నది? మన వివరాల కోసం కూడా జరుగుతున్నది.

2024 సెప్టెంబరులో మద్రాసు కేంద్రంగా ఉన్న స్టార్ హెల్త్ కంపెనీ ఖాతాదారుల కాగితాలు టెలిగ్రాంలో అడిగినవాడికల్లా దొరికాయి. మూడుకోట్ల పైచిలుకు మంది వివరాలు తన దగ్గర ఉన్నాయని దొంగిలించినవాడు చాటుకున్నాడు. పేర్లు, చిరునామాలు, వైద్యపరీక్షల ఫలితాలు, జబ్బుల వివరాలు ఆ కాగితాల్లో ఉన్నాయి. కంపెనీ మద్రాసు హైకోర్టుకు పోయింది. ఆ జబ్బులున్నవారు ఏ కోర్టుకు పోవాలి? దొంగల బారినుంచి కంప్యూటరును కాపాడతామని సరుకు అమ్మే అవాస్ట్ అనే కంపెనీ, తన ఖాతాదార్లు ఏమేమి చూస్తున్నారో పోగుచేసి నూరుకు పైగా సంస్థలకు అమ్ముకున్నందుకు 2024లో అమెరికా వాణిజ్య కమిషను కోటి అరవైఅయిదు లక్షల డాలర్లు కట్టించింది. కావలి కాస్తానన్నవాడే తలుపు తీసి లోపలిది అమ్ముకున్నాడు. రక్షణ సరుకైనప్పుడు కొనేవాడు రెండుసార్లు వెల చెల్లిస్తున్నాడు. ఒకసారి రూపాయల్లో, మరొకసారి గుట్టులో. మొదటి వెలకు రసీదు ఇస్తారు. రెండవ వెలకు రసీదు కూడా లేదు.

నా సంగతే చెబుతాను. ఇంట్లో ఒక పాలసీ గడువు దగ్గరపడుతున్నప్పుడు ఒక అపరిచితుడు ఫోను చేశాడు. నంబరు చెప్పాడు, గడువు తేదీ చెప్పాడు, నామినీ పేరు కూడా చెప్పాడు, బోనసు ఇప్పిస్తానన్నాడు. నాకు చదువున్నది, అనుమానం వచ్చింది, పెట్టేశాను. కాని అవగాహన ఉన్నందువల్ల నా వివరాలు వాడి చేతికి పోకుండా ఆగాయా? బీమా నియంత్రణ సంస్థ తాను ఎవరికీ ఫోను చేసి పాలసీలు అమ్మదనీ, బోనసులు ఇప్పించదనీ పదేపదే ప్రకటించింది. ప్రకటన మంచిదే. నా నామినీ పేరు వాడికి ఎట్లా తెలిసిందన్న ప్రశ్నకు ఆ ప్రకటనలో జవాబు లేదు.

*

ప్రభుత్వం మాత్రం మన గుట్టు కాపాడిందా? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షలమంది లబ్ధిదార్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉన్నాయి. కులాన్నిబట్టీ మతాన్నిబట్టీ వారిని వేరుచేసి చూడగలిగే ఏర్పాటుతో సహా. ఆ ఏడే అన్న సంజీవని దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో ఫోను నంబర్లతో సహా లోకం చూసేటట్టు పెట్టారు. అదే సంవత్సరం తెలంగాణలో, పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషను దస్తావేజుల్లో ఉన్న వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి దొంగ సిమ్‌లు తెరిచాడు. నంబరు పోతే మార్చుకోవచ్చు. వేలు పోతే ఏం మార్చుకుంటాం?

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టానికి ఆయువుపట్టు సమ్మతి. పౌరుడు సమ్మతిస్తే సమాచారం తీసుకోవచ్చు. ఆకలితో ఉన్న కూలివాడు కూలి ఒప్పందానికి ఎంత స్వేచ్ఛగా సమ్మతిస్తాడో, భార్యను ఆస్పత్రి బల్లమీద పడుకోబెట్టినవాడు కౌంటరులో అంత స్వేచ్ఛగానే సమ్మతిస్తాడు. సమానులు కానివారిమధ్య సమ్మతి గురించి మన సిద్ధాంతం మనకు వందేళ్లుగా చెబుతున్నదే. ఇక్కడ దాన్ని ఎందుకు మరచిపోతాం?

ఇదే చట్టం 44వ సెక్షనుతో సమాచారహక్కు చట్టాన్ని కూడా మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవలసిందే అన్న వెసులుబాటును 8(1)(జె) క్లాజునుంచి తీసేసింది. అంటే ఏమిటి? కౌలుదారు వేలిముద్ర సర్కారు యంత్రంలో ఉండాలి. పరిహారం ఏ అధికారి సంతకంతో ఎవరి ఖాతాకు పోయిందని కౌలుదారు అడిగితే మాత్రం అది వ్యక్తిగతమనవచ్చు. గోప్యత అనే మాట ఎవరి చేతిలో ఏ ఆయుధమవుతున్నదో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి? బలహీనుడికి గుట్టు ఉండాలి, బలవంతుడు లెక్క చెప్పాలి. నేడు ఇది తలకిందులుగా ఉన్నది.

*

“ఇంతా చెప్పి బీమా వద్దంటారా?” అని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. వద్దనడం లేదు. మనిషిని తరచితరచి అడగకుండా రక్షణ సాధ్యమా అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు దివిసీమలో ఉన్నది.

1977 నవంబరు 19న అయిదారు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం దివిసీమ ఊళ్లమీద పడ్డది. పదివేలమంది దాకా పోయారు. అంతకు నూటపదమూడేళ్ల ముందు, 1864 నవంబరులో, బందరును ముంచిన ఉప్పెనలో ముప్ఫైవేలమంది పోయారంటారు. 1977 తరువాత తీరంవెంట ఎత్తయిన తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మేలో కృష్ణ ముఖద్వారం దగ్గర మరొక బలమైన తుపాను తీరం దాటింది. ముందే హెచ్చరించారు, లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. ఆ తుపానులో పోయినవారి సంఖ్య వెయ్యిలోపు. అదీ తక్కువ కాదు. కాని పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఏమిటో నాగాయలంకలో, కోడూరులో ఆ రెండు రాత్రులూ చూసినవారిని అడగండి.

ఆ షెల్టరు మెట్లు ఎక్కేవాణ్ణి నీ తండ్రి ఏ జబ్బుతో పోయాడని ఎవరూ అడగలేదు. చేను సొంతమా, కౌలా అని అడగలేదు. పైకప్పు బలంగా ఉన్నదా, మెట్లు వెడల్పుగా ఉన్నాయా, హెచ్చరిక సకాలంలో వచ్చిందా అన్నవే అక్కడి ప్రశ్నలు. అవి ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్నలు, మనిషిని అడిగేవి కావు. కులం అక్కడా పోలేదు, ఎవరు ఏ మూల కూర్చోవాలన్న తగాదా ఉండనే ఉన్నది. కాని తలుపు దగ్గర దరఖాస్తు లేదు.

పంటల బీమాలో కూడా ఇదే సూత్రం దాగి ఉన్నది. 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకం వరి వంటి ప్రధాన పంటలకు ఊరినో, ఊళ్ల గుంపునో యూనిటుగా తీసుకుంటుంది. అక్కడ పంటకోత ప్రయోగాలు చేసి దిగుబడి తగ్గినదీ లేనిదీ తేలుస్తారు. నష్టం లెక్క ఊరిది, ఒక్కడిది కాదు. అటువంటప్పుడు ఆసామి సంతకం ఎందుకు? ఎవడు చేను దున్నాడో ఊరికంతా తెలుసు. గ్రామసభలో తేల్చి, నష్టపోయిన ఊళ్లో దున్నినవాడికే పరిహారం ఇవ్వడానికి అడ్డు ఏమిటి? అడ్డు సాంకేతికమైనది కాదు, భూమి పెత్తనం.

అయితే గ్రామసభలో కౌలుదారు పేరు బయటపడదా అనవచ్చు. పడుతుంది. కాని ఒక్కడుగా ఆసామి గుమ్మంలో బయటపడటం వేరు, ఊళ్లో కౌలుదార్లందరూ కలిసి బయటపడటం వేరు. ఒక్కణ్ణి మార్చవచ్చు, అందరినీ మార్చి చేలు ఎవరిచేత దున్నిస్తారు? గుట్టు ఒంటరివాడి ఆయుధం. సంఘం ఉన్నచోట దాని అవసరం తగ్గుతుంది. సంఘం లేనిచోట దాన్ని లాక్కోవడం నేరం.

కాబట్టి మన కోరికలు అవగాహన సదస్సులకంటే కొంచెం ముందుకు పోవాలి. పంటబీమాకు భూయజమాని సంతకం అనే షరతు పోవాలి. రక్షణకు అవసరంలేని ప్రతి ప్రశ్ననూ దరఖాస్తునుంచి కొట్టివేయాలి. ఏ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో అడిగేవాడే రాసి చూపాలి. వివరాలు బయటపడితే శిక్ష దాచినవాడికి పడాలి, ఇచ్చినవాడికి కాదు. ఏజెంటు రాసిన కాగితం సాకుగా పరిహారం ఎగవేయడం ఆగాలి. సమాచారహక్కు చట్టంలో తీసేసిన మాట తిరిగి చేర్చాలి. ఉప్పు గాలికి తుప్పు పట్టి పెచ్చులూడే షెల్టర్లను ప్రతి ఏడూ బాగుచేయించాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈసారి కళాశాలలో గోప్యతమీద సదస్సు పెడితే, ప్రజలు ఎందుకు తెలుసుకోరు అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఒక బీమా దరఖాస్తు తెచ్చి బల్లమీద పరచండి. ఒక్కొక్క ప్రశ్న చదివి, ఇది ఎవరికి ఎందుకు కావాలని విద్యార్థులను అడగండి. ఆ తరగతిలో కౌలుదారు కొడుకు ఒకడైనా ఉంటాడు. వాడు చెప్పే జవాబు మన వ్యాసాలకంటే సూటిగా ఉంటుంది.